వారాలకొచ్చిన ప్రభుత్వం

ప్రభుత్వం చిక్కి చిక్కి పదకొండున్నర కిలోలకు వచ్చాక, దాన్ని ఊళ్ళో ఇంటింటికీ వారాలకు పెట్టారు. పూర్వం చదువుకునే పేదపిల్లలు సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో భోంచేసేవారు కదా, అదే పద్ధతి. కాకపోతే రోజుకో గడప ఎక్కే ఓపిక ప్రభుత్వానికి లేదు కాబట్టి ఇంటికి ఏడు రోజులని తేల్చారు.

ఇదేమీ ఒక్కసారిగా జరగలేదు. ముందు మంచినీళ్ళు వదిలేసింది, ట్యాంకర్లవాళ్ళు పట్టుకున్నారు. తర్వాత ఆస్పత్రి వదిలేసింది, బస్సులు వదిలేసింది, బడిలో పై తరగతులు వదిలేసింది. ఒక్కోటి వదిలినప్పుడల్లా ప్రభుత్వం తేలికపడిందని పేపర్లో రాశారు. అది నిజమే, అంగన్‌వాడీ కాటాకు వేలాడదీసి తూచి మరీ రాశారు. ఆఫీసు భవనాన్ని ఫంక్షన్ హాలుకిచ్చాక ఉండటానికి చోటు లేకపోయింది. పెద్ద సత్తు బేసినులో పాత శాలువా పరిచి అందులో కూర్చోబెట్టారు. ముఖం చూస్తే పసిబిడ్డలా, చేతులు చూస్తే రిటైరైన పెద్దమనిషిలా ఉండేది. ఆ బేసిను మోయడానికి వీరరాఘవులు అనే అటెండరు ఒక్కడే మిగిలాడు.

మిల్లు కాలనీలో సువార్త వంతు వానలు మొదలైన వారంలో వచ్చింది. సువార్త భర్త బోరు బండి మీద కూలికి పోయి నెలకోసారి ఇంటికొస్తాడు. కూతురు షారోనుకు పద్నాలుగు నెలలు. ఆ పిల్ల నడక నేర్చి పన్నెండు రోజులైంది. గుమ్మానికి ఆరడుగుల దూరంలో రోడ్డు మీద మూతలేని మ్యాన్‌హోల్ ఉంది. పిల్ల మొదటి అడుగు వేసినప్పుడు వీధంతా చప్పట్లు కొట్టింది. సువార్త కొట్టలేదు. ఆ అడుగు ఎటువైపు పడిందో చూసింది.

ఇనప మూత లారీ ఎక్కి ఎప్పుడో పగిలిపోయింది. సువార్త నాలుగు అర్జీలు పెట్టింది. జవాబు రాకపోతే ఒక కడప బండ తెచ్చి గుంత మీద పరిపించింది. దానికి మాత్రం రెండో రోజే జవాబొచ్చింది. ఇద్దరు మనుషులు వచ్చి బండ తీసుకుపోయి, ప్రభుత్వ గుంతను ప్రైవేటు వ్యక్తులు కప్పడం ఆక్రమణ కిందికి వస్తుందని తలుపుకు కాగితం అంటించారు. నీళ్ళు వదిలింది, మందులు వదిలింది, చదువు వదిలింది గానీ గుంతల మీద హక్కు మాత్రం ప్రభుత్వం వదులుకోలేదు. అప్పట్నుంచి సువార్త పిల్ల నడుముకు చున్నీ కట్టి, రెండో కొస మంచం కోడుకు ముడేస్తోంది.

అందుకే ప్రభుత్వం తన ఇంటికే వస్తోందంటే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. సోమవారం పొద్దున్నే వీరరాఘవులు ఆటోలో బేసిను తెచ్చి దించాడు. కాటా మీద బరువు చూపించి, సంతకం పెట్టించుకుని, రూల్సు చదివాడు.

“పదిగంటలకి జావ, మధ్యాహ్నం మెత్తటన్నం, సాయంత్రం రెండు బిస్కట్లు. నేల మీద పెట్టకూడదు. ఒంటరిగా వదలకూడదు. తీసుకుపోయేటప్పుడు బరువు తగ్గకూడదు.”

“తగ్గితే?”

“తగ్గితే వార్డుకి ఉన్నది కూడా పోద్ది.”

“ఉన్నదేంది బాబాయ్?”

వీరరాఘవులు రూల్సు కాగితం ఇంకోసారి చూశాడు. “రూలు అట్టా ఉంది తల్లీ,” అన్నాడు.

సువార్త కొంగున దోపుకున్న అర్జీ తీసిచ్చింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి అర్జీ తీసుకోగూడదమ్మా. అన్నం పెట్టినోళ్ళకి పని చేసిపెట్టిందని రేపు నలుగురూ అనరా?”

“పోయినవారం ధనమ్మ పిన్ని వాళ్ళింట్లో ఉన్నప్పుడు ఇచ్చాగా!”

“ఇచ్చావు. స్థలం దగ్గరికొచ్చి చూడందే ఎట్టా చేసిద్ది? అందుకని పక్కన పెట్టింది.”

“ఇప్పుడు స్థలం దగ్గరే ఉందిగా?”

“ఇప్పుడు మీ ఇంట్లో ఉందిగా!”

సువార్తకు ఒళ్ళు మండింది. బేసినును రెండు చేతులా ఎత్తి కిటికీ దగ్గర పెట్టి, “కనపడతందా?” అని ప్రభుత్వాన్నే అడిగింది. ప్రభుత్వం మెడ చాచి, బాగా చూసింది. “గుంత ఉన్నట్టు గుర్తించాం,” అని చెప్పి పడుకుంది.

ఆ రోజు నుంచి ఇంటి ముందు జనం వరస కట్టారు. ప్రభుత్వం నిద్రపోతూ ఉండేది. వాళ్ళు దాని నిద్ర చెడకుండా గుసగుసగా గోడు చెప్పుకుని, సువార్తను మంచినీళ్ళడిగి తాగి వెళ్ళేవారు. పక్కింటి ధనమ్మ రోజూ వచ్చేది. ఆమె పెన్షన్ ఆగిపోయింది.

“పాలు పడతన్నావటే దీనికి?” అంది ధనమ్మ.

“జావ పిన్నీ.”

“మా ఇంట్లో ఉన్న ఏడు రోజులూ గిన్నెలో మెతుకు మిగల్చలా. తిన్నంత తిని, పోయే రోజున నేను చచ్చిపోయినట్టు రాసుకుపోయింది.”

“నువ్వే వడ్డించావుగా, చచ్చిపోయావని ఎట్టా రాసింది?”

“కళ్ళు మూసుకుని తింటదే అమ్మా! చెయ్యి ఎవరిదో చూస్తదా?”

గురువారానికి వాననీళ్ళు రోడ్డు మీద మడమల లోతున నిలిచాయి. గుంత ఏదో, రోడ్డు ఏదో తేడా తెలియకుండా పోయింది. పదిగంటలకు సువార్త ప్రభుత్వాన్ని ఒళ్ళో పెట్టుకుని జావ తాగిస్తోంది. ముడెయ్యగా ముడెయ్యగా మెత్తబడ్డ చున్నీ ముడి ఎప్పుడు జారిందో, షారోను గడప దాటి నీళ్ళల్లోకి దిగింది. పిల్ల నవ్వు బయటినుంచి వినపడింది. ప్రభుత్వం స్పూను కోసం నోరు తెరిచే ఉంది.

సువార్త దాన్ని కింద పడేసి పరిగెత్తింది. పిల్ల గౌను వెనకభాగం చేతికందేసరికి ఒక కాలు లోపలికి దిగిపోయింది. పైకి లాగింది. పిల్ల ఏడవలేదు, ఇంకోసారి అన్నట్టు నవ్వింది. సువార్త నీళ్ళల్లోనే చతికిలబడి, పిల్లను గుండెకు అదుముకుని, ఆ కాలిని వేలు వేలునా తడిమి చూసుకుంది.

లోపలికి వచ్చేసరికి ప్రభుత్వం నేల మీద పక్కకు ఒరిగి ఉంది. దెబ్బేమీ తగల్లేదు. “జావ,” అంది.

సువార్త పిల్లను పరుగెత్తుకొచ్చిన ధనమ్మ చేతికిచ్చింది. ప్రభుత్వాన్ని తీసి బేసినులో కుదేసింది. బేసినును చంకనేసుకుని రోడ్డు మీదికి పోయి, కాలితో గుంత అంచు వెతికి, దాని మీద గట్టిగా అదిమి దించింది. కొలిచి చేయించినట్టు సరిపోయింది. పదకొండున్నర కిలోల బరువుకు ఇటూ అటూ కదల్లేదు. పైన గొడుగు పెట్టింది.

“ఏందే, ప్రభుత్వాన్ని తీసుకెళ్ళి మురిక్కాలవ మీద పెట్టావు!” అంది ధనమ్మ.

“దాని గుంత, దాని మూత. ఆక్రమణ కాదుగా పిన్నీ.”

లోపలికి పోయి, పిల్ల నడక నేర్చాక మొదటిసారి కడుపు నిండా అన్నం తిన్నది.

వీరరాఘవులు పరుగున వచ్చి రూల్సు తిరగేశాడు. ప్రభుత్వం నేల మీద లేదు, దాని కింద నేలే లేదు. ఒంటరిగా లేదు, వీధంతా చూస్తోంది. తప్పు దొరకలేదు. పైగా ఎనిమిదేళ్ళ తర్వాత ఈ వార్డులో ప్రభుత్వం చేసిన మొదటి పని ఇదేనని ఆయనే ఒప్పుకున్నాడు. లారీలు చూసి పక్కనుంచి పోయాయి. బడిపిల్లలు నమస్కారం పెట్టారు. ప్రభుత్వానికి కూడా అభ్యంతరం లేదు, జావ అక్కడికే పంపమంది. మిగతా మూడు వీధులవాళ్ళు తమ గుంతల మీద కూడా కూర్చోమని అర్జీలు పెట్టారు. అది ఒక్కటే కాబట్టి వాటిని పక్కన పెట్టింది.

సోమవారం ఆటో వచ్చింది. వీరరాఘవులు బేసిను ఒకవైపు పట్టుకుంటే సువార్త రెండోవైపు పట్టుకుంది.

“వదులు తల్లీ. అవతల ట్యాంకర్ల ప్రసాదు గారి వంతు.”

“వాళ్ళింటి ముందు గుంత లేదు బాబాయ్.”

“లేకపోయినా పెట్టుకుంటారంట. మేడ మీద గదిచ్చారు.”

“ఇంకొక్క వారం ఉంచు. రోజూ గుడ్డు పెడతా. కాళ్ళు కూడా పడతా దానికి.”

ఈ మాట అంటున్నప్పుడు ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది. వీరరాఘవులు బేసిను లాక్కుని ఆటోలో పెట్టాడు. షారోను గుమ్మంలో నిలబడి, తల్లిని చూసి చేతులు చాచి దిగింది. అడ్డం వేయడానికి చేతికి ఏమీ దొరకలేదు. సువార్త కాళ్ళు లోపలికి వేసి, గుంత నిండా తనే కూర్చుంది.

వీరరాఘవులు మళ్ళీ రూల్సు తీశాడు. బండ వేస్తే ఆక్రమణ, చెక్క వేస్తే ఆక్రమణ, కూర్చున్న మనిషి కట్టడం కాదు. ఆ సంగతి ఆటోలోకి వంగి చెప్పాడు. ప్రభుత్వం కళ్ళు తెరిచి, “ప్రజల భాగస్వామ్యం హర్షణీయం,” అంది. అంత పెద్ద వాక్యం అది మాట్లాడి చాలాకాలమైంది.

వారం తిరక్కుండానే కాలనీలో ఉన్న గుంతలన్నిటి మీదా ఆయా వీధుల తల్లులు కూర్చున్నారు. పొద్దున పిల్లలు లేచింది మొదలు సందె వేళ దాకా. అక్కడే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తారు, అక్కడే బియ్యం ఏరతారు, ఈ గుంతకీ ఆ గుంతకీ మధ్య కబుర్లు నడుస్తాయి. సువార్త వంట చేసుకునే గంటసేపు ధనమ్మ కూర్చుంటుంది. రికార్డుల్లో లేని మనిషి కాబట్టి ఆ గంట గుంత తెరిచి ఉన్నట్టే రాసుకుంటారు. లోపల నీళ్ళు మోకాళ్ళదాకా వస్తాయి. లారీవాళ్ళు హారన్ కొట్టి పక్కకు తిప్పుకుంటారు.

నెల చివర్న వీరరాఘవులు రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. వీధి, గుంత నంబరు, మూత అని గళ్ళున్నాయి. మూత గడిలో పైన ఎప్పటివో ఇనుము, సిమెంటు అని ఉన్నాయి. ఆయన కింద సువార్త అని రాశాడు.

“ఎన్నాళ్ళు పనిచేస్తావు?”

“పిల్ల పెద్దదయ్యేదాకా.”

రాసుకున్నాడు. “ఇది అరిగిపోతే బదులు మూత ఏందని ఇంకో గడి ఉంది.”

గడి ఖాళీగా వదలకూడదు కాబట్టి, ఆయనే షారోను అని రాశాడు.

“కొట్టెయ్ బాబాయ్ ఆ పేరు!” సువార్త గొంతు వీధి చివరిదాకా వినపడింది. మిగతా గుంతల మీది ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు.

“కొట్టేస్తే అది పూర్తికాని మూతమ్మా. పూర్తికాని మూతను తీసెయ్యమని రాసుంది. నిన్ను లేపుతారు. అప్పుడు గుంత తెరిచే ఉంటది,” అని ఆయన మెల్లగా చెప్పాడు.

షారోను రోడ్డు మీద ఒక కోడిపెట్ట వెనక పరిగెడుతోంది. ఇప్పుడు పడకుండా పరిగెత్తగలుగుతోంది. సువార్త పిల్లను చూసింది. తర్వాత రిజిస్టరుకు నీళ్ళు తగలకుండా చేతులు కొంగుకు తుడుచుకుని, పెన్ను తీసుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో అడిగింది.