పెరట్లో పెట్టిన అలారం

దుకాణాలకు దొంగల అలారాలు బిగించే మనిషి, సొంత పెళ్లాం వస్తోందని తెలుసుకోవడానికి అలారం వెతుక్కోవలసి వచ్చింది. వీధిలో అతన్ని అందరూ సైరన్ అంటారు. ఆవిడ గ్రంథాలయంలో పనిచేస్తుంది. ఏళ్ల తరబడి చదువుకునేవాళ్ల మధ్య చప్పుడు చెయ్యకుండా తిరిగిన పాదాలు. పిల్లులు వచ్చి ఆవిడ దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాలి.

సైరన్ ఊపిరితిత్తుల ఫొటో చూసి డాక్టరు సిగరెట్లు మానమన్నాడు. సైరన్ భార్య నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు. తర్వాత ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి, సిగరెట్ పెట్టె తీసి పెరట్లో నీళ్ల ట్యాంకు వెనక పెట్టాడు.

చిక్కల్లా ఆవిడ రాక తెలియకపోవడమే. తీగలు లాగితే పట్టేస్తుంది. అందుకని ఒక ఆదివారం పెరట్లోకి టర్కీ కోళ్లు దిగాయి, ఒక పుంజు, రెండు పెట్టలు. మనిషి అలికిడైతే చాలు, పుంజు గొంతు చించుకుంటుందని అమ్మినవాడు హామీ ఇచ్చాడు.

"ఇవెందుకండీ?" అంది భార్య.

"పాపం, మూగజీవాలు. ఊరికే పెంచుకుందామని."

అప్పుడే పుంజు వీధి అదిరేలా అరిచింది. మూగజీవాలు బాగున్నాయని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

మొదటిరోజు అలారం బ్రహ్మాండంగా పనిచేసింది. ఆవిడ గుమ్మం దాటీ దాటకముందే పుంజు కూసింది. సిగరెట్టు బకెట్లో పడింది. ఆవిడ వచ్చేసరికి సైరన్ పెట్టలకు గింజలు చల్లుతున్నాడు.

అయితే టర్కీ పుంజు ఏ పెద్ద చప్పుడుకైనా బదులు చెప్పి తీరుతుందన్న సంగతి అమ్మినవాడు చెప్పలేదు. కుక్కర్ కూతకు అరిచింది. చెత్తబండి హారన్‌కు అరిచింది. పక్కింటి దర్జీ తుమ్మితే అరిచింది. అరిచినప్పుడల్లా ఒక సిగరెట్టు జలసమాధి. బకెట్టు తాగినన్ని సిగరెట్లు మనిషి తాగలేదు.

పైగా పుంజు అతన్ని పోటీదారుగా లెక్కగట్టింది. తోక విప్పి, రెక్కలు నేలకు రాస్తూ, మెడ ఎర్రబార్చి మీదికొచ్చింది. సైరన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. టర్కీల లోకంలో వెనక్కి తగ్గినవాడు ఓడిపోయినవాడే. పోయిన పరువు రాబట్టుకోవడానికి మర్నాడు వీపు వెనక గొడుగు విప్పి, ఛాతీ పొంగించి పెరడంతా తిరిగాడు. గోడ మీంచి అది చూసిన దర్జీ, ఆ తర్వాత తన పిల్లల్ని గోడ దగ్గరికి రానివ్వలేదు.

కొన్నాళ్లకు పెరడు నెమ్మదించింది. పుంజు కుక్కర్‌కూ హారన్‌కూ అలవాటుపడింది. ఇప్పుడు సైరన్ దగ్గితే మాత్రం బదులిస్తోంది. పోనీలే, పలకరిస్తోంది అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం హాయిగా దమ్ము లాగి వెనక్కి తిరిగితే ఎదురుగా భార్య. పక్కన పుంజు తోక విప్పుకుని కొత్త పెళ్లికొడుకులా నిలబడి ఉంది. ఒక్క కూత లేదు. పెట్టలు ఆవిడ కాళ్ల దగ్గర ముడుచుకుని కూర్చున్నాయి. ఆవిడ గుప్పిట్లో ద్రాక్షపళ్లున్నాయి.

"ఇది నిన్ను చూసి అరవలేదేం?" అన్నాడు, ఆ క్షణాన అడగవలసిన ప్రశ్న అది కాకపోయినా.

"రోజూ చేత్తో తినిపిస్తున్నాగా. వీటి గురించి మా దగ్గర పుస్తకం ఉంది. మాలిమైన మనిషి వెంట తిరుగుతాయట. చప్పుడు వింటే మాత్రం బదులిస్తాయట." ఒక పండు పెట్టల ముందు వేసింది. "మీ దగ్గు వంటింట్లోకి వినపడదండీ. దీని అరుపు వినపడుతుంది. అరిచినప్పుడల్లా కూర తరిగే చెయ్యి ఆగిపోతోంది నాకు."

సైరన్ సిగరెట్టు ఆర్పేశాడు.

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా."

"నేను చెబితే ఎప్పుడు విన్నారు? కోడి చెబితేనైనా వింటారేమోనని చూశాను."

అతను జేబులో పెట్టె తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ కదల్లేదు. ఎవరూ అడగకుండానే గింజల బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి రెండో పెట్టె కూడా తీసి ఇచ్చాడు.

ఆవిడ పుంజుకు ఒక ద్రాక్షపండు అందించి, నింపాదిగా అడిగింది.

"మూడోది?"

సైరన్ ట్యాంకు పైకి ఒకసారి చూసి, నిచ్చెన తేవడానికి వెళ్లాడు.