కమలాపురం కాలువలో విమానం

మన జిల్లా ఇక వెనకబడిన జిల్లా కాదు. నీటి అడుగున దూసుకుపోయే విమానాన్ని దేశంలో మొదట మనమే నడపబోతున్నామని మంత్రి ఓబుళపతిగారు 2007 ఎండాకాలంలో కమలాపురం సభలో ప్రకటించారు. కాలువలో దిగితే ఇరవై నిమిషాల్లో కర్నూలు! విలేకరిగా నేనూ అక్కడే ఉన్నాను. ఒళ్లు పులకరించింది. చప్పట్లు కొడుతూ రాసుకోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

సభ చివర బొజ్జన్న అనే చీనీతోట, అంటే బత్తాయి తోట, రైతు లేచాడు.

"సార్, ఈ వారం కాలువకు నీళ్లు ఇడుస్తామన్నారు. ఒక్క తడి పడకపోతే చెట్లు నిలువునా ఎండిపోతాయి. బిడ్డల మాదిరి సాకినాం."

"దేశం విమానమంటాంటే నువ్వు చెట్లంటావేమప్పా!" అన్నారు మంత్రిగారు, ఎంతో ఆప్యాయంగా.

తర్వాత గెస్ట్‌హౌస్‌లో కాలువల ఇంజనీరు ప్రదీప్‌కుమార్ మంత్రిగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, గాలి కంటే నీళ్లు ఎనిమిది వందల రెట్లు బరువు. ఆ స్పీడుకు రెక్కలు ఊడిపోతాయి."

"అంటే తప్పు విమానానిది కాదు, నీళ్లది."

"అంతే సార్."

"నీళ్లు లేకుంటే?"

"బ్రహ్మాండంగా పోతాది సార్."

"మరి నీళ్లు లేని కాలువ మనకంటే ఎవరికుండాదప్పా?"

మేధస్సు అంటే అదీ. నాకు కళ్లు చెమర్చాయి. ట్రయల్ పూర్తయ్యేదాకా కాలువకు చుక్క నీరు వదలరాదని ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది.

ట్రయల్ రోజు ఒక జీపుకు రెండు రేకు రెక్కలు బిగించి కాలువలోకి దించారు. టెంకాయ కొట్టారు. కాలువ గోడ మీద డిపార్టుమెంటు వాళ్లు ఎప్పుడో గీసిన నీటిమట్టం గీత ఉంది. జీపు ఆ గీతకు కిందే ఉంది కాబట్టి రికార్డు ప్రకారం నీటి అడుగున ఉన్నట్టేనని ప్రదీప్‌కుమార్ నాకు ఓపికగా వివరించాడు. మంత్రిగారు హెల్మెట్ పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. జీపు దుమ్ము లేపుకుంటూ కదిలింది.

అరమైలు పోయిందో లేదో, ఎదురుగా నీళ్లు వచ్చాయి. ఎర్రగా, నురగతో, మోకాలి లోతు. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఒక రెక్క ఊడి కొట్టుకుపోయింది. దేశపు మొట్టమొదటి జలాంతర్గత పైలట్‌ను ఇద్దరు కానిస్టేబుళ్లు వీపున మోసుకుని గట్టెక్కించారు.

పైన కాలువకు నీళ్లొచ్చే చెరువు తూము తలుపు ఎత్తింది బొజ్జన్న. ఎత్తి, పారిపోకుండా అక్కడే నిలబడి ఉన్నాడు. అప్పటికే నీళ్లు పిల్లకాలువ గుండా అతని తోటలోకి మళ్లాయి. చూసి నాకెందుకో సంతోషమేసింది. అది పేపర్లో రాయలేదు.

ఎస్సై అక్కడే బల్ల వేయించుకుని కేసు రాశాడు: నీటి అడుగున పోయే విమానానికి నీళ్లు అడ్డం పెట్టినందుకు.

"ఎందుకు చేసినావు?"

"చెట్లు సార్."

"ఎక్కు జీపు."

బొజ్జన్న పోలీసు జీపు ఎక్కాడు. ఇంతలో అతని భార్య నాగలక్ష్మమ్మ బురద కాళ్లతో తోటలోంచి పరుగెత్తుకొచ్చింది. ఏడుస్తుందేమోనని నేను కెమెరా తీశాను. ఆమె ఎస్సై ముందు నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"సార్, పది దినాలకు ఇంకో తడి కావల్ల. అప్పుడు నన్ను తీస్కపోండి."