బొమ్మ బాగుందా, లేదా?

ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకి కంప్యూటర్ తెర మీద టీవీ వార్తలు చదివే ఆవిడ ముఖాన రెండు ముక్కులు కనిపించాయి.

పదకొండింటికి అదే తెర మీద అత్తగారు రావాలి. ఆవిడ కుట్టు టీచరు. చొక్కా కాలరు కత్తిరించడం గురించి కేబుల్ చానెల్లో పన్నెండు నిమిషాలు మాట్లాడారు. అల్లుడింట్లో టీవీ లేదు. కంప్యూటర్లో చానెళ్లు చూపించే ట్యూనర్ కార్డు ఉండగా టీవీ దేనికని అతను నాలుగేళ్లుగా వాదిస్తున్నాడు.

"మా అమ్మ ముఖానా రెండు ముక్కులు కనిపిస్తే రేపీపాటికి ఇంట్లో టీవీ ఉంటుంది," అంది భార్య.

"ఒక్కటే కనిపిస్తుంది. కేబుల్ అతన్ని కూడా పిలవను."

స్పీకర్లు ఆపేసి కంప్యూటర్ మూత విప్పాడు. కార్డు ఊడదీసి, తుడిచి, ఫ్యానుకి దూరంగా బిగించాడు. ముక్కులు రెండూ అలాగే ఉన్నాయి. కార్డుకున్న సన్న వైరు ఒకటి అడ్డొస్తోందని పీకేశాడు.

"అదేమిటి?" అంది భార్య.

"బొమ్మకి దాంతో పనిలేదు."

అది నిజమే.

తొమ్మిదిన్నరకి మెట్ల కింద కేబుల్ పెట్టె తెరిచాడు. అక్కడ స్ప్లిట్టర్ నుంచి కేబుల్ మూడు వాటాలకి వెళ్తోంది. స్ప్లిట్టర్ తీసేసి కేబుల్ నేరుగా తన ఇంటికి కలిపాడు. ముక్కు ఒక్కటైంది.

పది నిమిషాల్లో పైవాటా గుమాస్తా దిగొచ్చాడు.

"మా టీవీ పోయిందండీ. మీది?"

"మాకు టీవీ లేదుగా."

గుమాస్తా తెర వైపు చూశాడు. వెళ్లి రెండు కుర్చీలనీ పెళ్లాన్నీ తెచ్చుకున్నాడు. కిందివాటా నర్సు స్టూలుతో వచ్చింది. అల్లుడు స్ప్లిట్టర్ సంగతి ఎత్తలేదు.

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా అత్తగారు వచ్చి ముందు కూర్చున్నారు. పదకొండింటికి తెర మీదకీ వచ్చారు. ముక్కు ఒక్కటే. చేతిలో టేపు మీది అంకెలు కూడా కనిపిస్తున్నాయి. అల్లుడు రికార్డింగ్ నొక్కి స్పీకర్లు పెట్టాడు. అత్తగారి పెదాలు కదిలాయి. మాట రాలేదు.

భార్య ఆ సన్న వైరు తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"బొమ్మ బాగుందా, లేదా?" అన్నాడతను.

"బాగుంది బాబూ," అన్నారు అత్తగారు. "మాటదేముంది, నేనే చెప్తాను. చానెల్ వాళ్లు కోసేసినవి కూడా చెప్తాను. మధ్యలో ఆపడానికి వీలవుతుందా?"

"రికార్డవుతోంది కదండీ. టీవీలో ఆపలేరు, ఇక్కడ ఎక్కడైనా ఆపొచ్చు."

కార్యక్రమం అయ్యాక మొదటి నుంచీ పెట్టించారు. ఆవిడ "ఆపు బాబూ" అన్నప్పుడల్లా అతను ఆపాడు. పన్నెండు నిమిషాలది ఒంటిగంటన్నరకి ముగిసింది. గుమాస్తా రెండుసార్లు లేవబోయాడు. అతని కాలరుతో పని ఉందని ఆవిడ కూర్చోబెట్టారు.

"టీవీ కొనకండి," అన్నారు వెళ్తూ. "ఇదే నయం. ప్రతి ఆదివారం మా క్లాసు వాళ్లని తీసుకొస్తాను. ఇరవై మందే."

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి టీవీ షాపు షట్టరు ఎత్తేసరికి అల్లుడు మెట్ల మీద ఉన్నాడు.