చూద్దాంగారి పూలగిన్నెలు

వెనక గదిలో చూద్దాంగారికి ఒక పడకకుర్చీ ఉంది. ఏ ఫైలు ముందుకొచ్చినా "చూద్దాం" అంటూ పక్కన పెట్టి పెట్టి ఆయనకు ఆఫీసులో ఆ పేరు స్థిరపడింది. రోజంతా అలా పక్కన పెట్టి అలసిపోయి, ఇంటికి రాగానే ఆ కుర్చీలో తననే పక్కన పెట్టుకునేవారు.

గదికి ఒకటే లోపం. ముక్కిపోయిన వాసన. అత్తగారు పోయినసారి వచ్చినప్పుడు గుమ్మంలోనే ముక్కు మూసుకుని హాల్లోకి తిరిగిపోయింది.

"మా అమ్మ మళ్ళీ వస్తోంది. ఈలోగా ఆ కంపు పోవాలి," అంది భార్య. "లేకపోతే మీ కుర్చీ పాతసామాన్లవాడికే."

"పోగొడితే?"

"ఇక దాని జోలికి రాను. ఒట్టు."

కుర్చీ కోసం ఆయన నడుం కట్టారు. పెరట్లో గులాబీలు, మరువం, పుదీనా ఉండగా బజారు అత్తరెందుకు? ఎండబెట్టి గిన్నెల్లో పోసి గదిలో పెడితే సరి!

"ఎండలో కాదండీ, నీడలో. గాలి విసురు తగలకూడదు," అంది ఆవిడ.

"నాకు తెలీదూ!" అని తిన్నగా డాబా మీద ఆరబోశారు. గాలి వీచింది. పక్కింటాయన బట్టతల మీద పూలవాన కురిసింది. దేవతలేమోనని ఆయన తలెత్తి చూస్తే, చిరుగుల బనీనులో చూద్దాంగారు కనిపించారు.

ఎండ, గాలి, మనిషి... ఏదీ చొరబడని చోటు కావాలి. ఆలోచించగా, అలాంటి చోటుకు తానే అధిపతినని గుర్తొచ్చింది.

"ఫైళ్ళలో పెడతారా? ఎవరైనా తెరిస్తే?"

"మా ఆఫీసులో ఫైలు తెరిచినవాణ్ణి ఎప్పుడైనా చూశావా?"

"మిమ్మల్నే చూడలేదు."

కాయితాల మధ్య పూలు చక్కగా ఎండసాగాయి. కానీ అదృష్టం ఎండినవాడికి ఆఫీసరే ఎదురొస్తాడు. ఓ రోజు ఆయనే వచ్చి మురుగుకాలువ ఫిర్యాదు ఫైలు తెరిచాడు. ఒళ్ళో గుప్పెడు గులాబీ రేకులు రాలాయి.

"ఏమిటయ్యా ఇది?"

"కాలువ వాసన మీద... చర్య మొదలుపెట్టామండీ."

"అయితే మిగతావాటి మీదా మొదలుపెట్టు. అన్నీ నా ముందే తెరువు!"

ఆ సాయంత్రం ఊళ్ళో ఎన్నాళ్ళుగానో ఆగిపోయిన పనులన్నీ ఒక్కసారిగా తెమిలాయి. పూలసంచీతో ఇల్లు చేరేసరికి చూద్దాంగారి చెయ్యి సంతకాలతో వాచిపోయింది.

భార్య ఆ రేకుల్లో లవంగాలూ ఎండిన నారింజ తొక్కలూ కలిపి, గిన్నెల్లో ముచ్చటగా సర్దింది. తన మీద జాలిపడి చేస్తోందనుకున్నారాయన. పెళ్ళయిన నాటి నుంచీ అదే పొరపాటు.

నాలుగు రోజులకు గది గుబాళించింది. అత్తగారు వచ్చి, గుమ్మంలో ఆగి, గట్టిగా ఊపిరి పీల్చింది.

"ఏమే, ఇంత కమ్మటి గది పెట్టుకుని నన్ను హాల్లో పడుకోబెడతావా?"

"అయ్యో, నీకోసమేనమ్మా! మీ అల్లుడుగారు ఎంత శ్రమపడ్డారనుకున్నావ్!"

"బంగారంలాంటి అల్లుడు!" అంటూ ఆవిడ పడకకుర్చీలో వెనక్కి వాలి కాళ్ళు చాపుకుంది. "వానలు వెలిసేదాకా ఇక ఇక్కడే."

చూద్దాంగారు భార్యను వంటింట్లోకి లాక్కెళ్ళారు. "జోలికి రానని ఒట్టేశావు కదే!"

"నేనొచ్చానా? మా అమ్మొచ్చింది."

లోపల్నుంచి పిలుపు వినిపించింది. "అల్లుడుగారూ, కాస్త ఆ తలుపు వేసి పెట్టండి. సువాసనంతా బయటికి పోతోంది."

ఆయన వేశారు. బయటినుంచి.