నిన్ననే పుట్టిన ఫైళ్లు

“పేర్ల జోలికి పోకే తల్లీ. పేరు మార్చినవాళ్ల నెత్తినే పాత పాపాలన్నీ పడతాయి,” అంది రోజలీదా, కూతురి కప్పులో టీ పోస్తూ. “ఆ పని ఇంకెవరికైనా చెప్పమను. ఒంట్లో బాలేదను. విరేచనాలని చెప్పు, దానికి ఎవరూ రుజువు అడగరు.”

“మనుషులకు కాదమ్మా, కంప్యూటర్‌లో ఫైళ్లకు. డైరెక్టర్ గారి ఆర్డర్,” అంది అవీనో మందాజీ బూరె నములుతూ.

“అయితే మరీ భయం. ఆర్డర్ ఇచ్చినోడి చేతికి మట్టంటదు.”

నైరోబీలోని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా వచ్చిన ప్రతి డైరెక్టరూ ముందుగా ఫైళ్ల పేర్లన్నీ మార్పిస్తాడు. మరోచోట పరిపాలనకు వేరే అర్థం ఉంటే ఉండవచ్చు, అక్కడ మాత్రం ఇదే. మొదటాయన అడవి జంతువుల పేర్లు పెట్టించారు. రెండో ఆయన నదుల పేర్లు. ఇప్పుడు వేంచేసిన ముతూరి గారు సద్గుణాలను ఎంచుకున్నారు. ఆ ప్రకారం, ‘ఫలానా రోజు పరీక్షకు రండి’ అని కౌంటీ ఆసుపత్రుల తరఫున గర్భిణులకు ఫోన్లో సందేశాలు పంపే ఫైలు మొదట చిరుత, తర్వాత తానా నది, ఇప్పుడు దేశభక్తి. లోపల ఏం రాసి ఉందో మాత్రం ఎవరూ చూడలేదు. దేశభక్తిని విప్పి చూసే ధైర్యం ఎవరికుంటుంది?

ఏ వాక్యం ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చెప్పే ఏర్పాటు ఒకటి ఆ కంపెనీలో ఉండేది. పేర్లు మారినప్పుడల్లా దానికి చచ్చే చాకిరీ. మాయమైన పాత ఫైళ్లనూ, కొత్తగా కనబడ్డ ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి, పోలికలు చూసి, ఈ కొత్తది ఫలానా పాతదే అని తేల్చాలి. కూతురు చెప్పగానే ఈ సంగతి రోజలీదా బుర్రకెక్కింది. వాళ్ల సరస్సు ఒడ్డు ఊళ్లో పసిబిడ్డ గుక్కపట్టి ఏడిస్తే, పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. ఏ పేరుకు ఏడుపు మానితే ఆ పేరే బిడ్డది. అవీనో తన ముత్తవ్వ చెల్లెలి పేరు వచ్చేదాకా ఏడ్చింది. ఆలస్యమైతే ఏం, బిడ్డ ఎవరో తేలాలి కదా!

ముతూరి గారికి తేలడం మీద కంటే తొందర మీద మక్కువ. వేలాది ఫైళ్లు ఒక్కసారిగా సద్గుణాలుగా మారేసరికి యంత్రం పోలికలు వెతుకుతూ పూటంతా గుడ్లు తేలేసింది. అవీనో ఒక ఉపాయం చెప్పింది. లోపలి రాత అచ్చంగా ఒకటే అయినవాటిని ముందే జతకట్టి పక్కన పెట్టేస్తే, పోల్చాల్సినవి కాసినే మిగులుతాయి, పని నిమిషాల్లో అయిపోతుంది. సదరు సూచనను డైరెక్టర్ గారు సానుభూతితో పరిశీలించి, అంతకంటే గొప్ప ఉపాయం సెలవిచ్చారు. వెతకడమే మాన్పించారు.

“మిత్రులారా! వెనక్కి చూసేవాడు ముందుకు పరుగెత్తలేడు. ఈ రోజు నుంచి మన యంత్రం ముందుకే చూస్తుంది!” అని ఆయన ఉపన్యసించగా అందరూ చప్పట్లు కొట్టారు. నిజంగానే కనురెప్ప పాటులో పని అయిపోయింది. ఏ పనైనా చేయకపోతే ఎంత త్వరగా అయిపోతుందో పాఠకులకు తెలియనిది కాదు. పై ఆఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మేకను కోసి, కాల్చుకుని తిన్నారు. అవీనో వాటాకు మెడ ఎముక వచ్చింది. అది విన్ననాడే రోజలీదా కుడికన్ను అదిరింది.

ఇక యంత్రం లెక్కలో పాత ఫైళ్లన్నీ చచ్చిపోయాయి. కొత్తవన్నీ ఆ మంగళవారమే పుట్టాయి. మీట నొక్కింది అవీనో కనుక అన్నిటికీ కన్నతల్లి అవీనోయే. “పెళ్లి కాకుండానే ఇంతమందా!” అని రోజలీదా గుండెలు బాదుకుంది.

భయపడినట్టే అయింది. ‘మీకు ఏడో నెల. బరువులు ఎత్తకండి’ అని కౌంటీ గవర్నర్ గారికి సందేశం వచ్చింది. బిషప్ గారిని కవలల గురించి హెచ్చరించింది ఇంకో సందేశం. నంబరు దొరకకపోతే జాబితాలో పైనున్నవారికి పంపమని ఆ దేశభక్తి ఫైలులో ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు. జాబితాలో పైనుండేది ఎప్పుడూ పెద్దలే కదా. కొత్త ఆసుపత్రులు నంబర్లు లేకుండానే పేర్లు పంపేసరికి ఆ రాత నిద్ర లేచింది. సందేశం అందాల్సిన తల్లులు కబురు లేక ఇళ్లలోనే ఉండిపోయారు. విచారణాంశాల్లో ఆ సంగతి లేదు.

ఆ వాక్యం ఎవరు రాశారని యంత్రాన్ని అడిగారు. ‘అవీనో’ అంది యంత్రం.

ఉద్యోగం పోతుందో ఉంటుందో తేల్చే విచారణకు ఒకరిని తోడు తెచ్చుకోవచ్చని నిబంధన. తోటివాళ్లలో ఒకడికి పన్నునొప్పి, ఒకామెకు మేనమామ అంత్యక్రియలు, మిగతావాళ్లకు ఆత్మగౌరవం అడ్డొచ్చాయి. తలకు రుమాలు కట్టుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని రోజలీదాయే కూర్చుంది.

“యంత్రానికి బంధుప్రీతి ఉండదు, పక్షపాతం ఉండదు. అది ఏ పేరు చెబితే ఆ పేరే సత్యం,” అన్నారు ముతూరి గారు.

“అయ్యా, ఒక్క మాట,” అంది రోజలీదా. “ఆ ముక్క చిరుత రోజుల నుంచీ ఉందటగా? అప్పుడు నా కూతురు స్కూలు యూనిఫాంలో ఉంది బాబూ. జడ కూడా నేనే వేసేదాన్ని. ఆ వెతికేదాన్ని ఒక్కసారి మళ్లీ పెట్టించండి. ఒక్క మీటేనటగా? పూట పడితే పడనీండి, నేనిక్కడే కూర్చుంటా. నాకేం పనుంది?”

ముతూరి గారు టై సవరించుకున్నారు. పన్నునొప్పివాడు కూడా ఎప్పుడొచ్చాడో తలుపు దగ్గర నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. టీలు వచ్చాయి, మీగడ కట్టాయి. రోజలీదా ఒక్కొక్క ముఖమే చూస్తూ వచ్చింది. ఆ చూపు ఆఖరికి వాఫులా దగ్గర ఆగింది. చిరుతల కాలం నుంచీ కంపెనీలో ఉన్నవాడు, మంచివాడని పేరున్నవాడు.

ఆయన కప్పు పక్కకు జరిపి అన్నాడు: “పెట్టొచ్చమ్మా. పెడితే మీ అమ్మాయి పేరు ఎక్కడా కనబడదు, నిజమే. కానీ మా అందరి పేర్లూ కనబడతాయి కదా.”