ముక్కాలి స్టాండుకు చూపు కానుక

ఒక ఊరు ఎంత నాగరికమైందో దాని రోడ్లను చూసి చెప్పకూడదు. ఒక కొత్త వస్తువు సంచిలోంచి బయటికి రావడానికి ఎంతమంది పెద్దలు అడ్డుపడతారో చూసి చెప్పాలి. ఈ కొలత ప్రకారం నారిన్ నది ఒడ్డున ఉన్న ఆలా-బెల్ టీవీ స్టూడియో మొత్తం కొండ సీమకే తలమానికం. (రోడ్ల సంగతి వదిలేద్దాం. ఎలాగూ అందరూ వదిలేసినవే.)

ఆ స్టూడియోకి చలికాలం చివర్లో వీడియో కెమెరా నిలబెట్టే ముక్కాలి స్టాండు ఒకటి వచ్చింది. మరీ చవకదీ కాదు, మరీ ఖరీదైనదీ కాదు, మధ్య రకం. అక్కడ కెమెరా పట్టే మీరిమ్ దానికోసం ఎప్పటినుంచో అర్జీలు పెడుతోంది. అంతకంటే ఎక్కువ అర్జీలు ఆమె తల్లి జూరకన్ దేవుడికి పెట్టుకుంది.

ఎందుకంటే కొత్త ఏటి పండగ నూరూజ్ వస్తోంది. పండగనాడు కోక్-బోరు ఆట ఉంటుంది. గుర్రాల మీద మగవాళ్లు మేక కళేబరం కోసం కలబడుతుంటే ఆ గుంపుకి బరిగీత ఎక్కడుందో పట్టదు. స్టాండు ఉంటే మీరిమ్ దూరంగా దిబ్బ మీద నిలబడి పొడుగు లెన్సుతో తీసుకోవచ్చు. లేకపోతే కెమెరా భుజాన పెట్టుకుని గీత పక్కనే నిలబడాలి. కుడి కన్ను కెమెరాలో ఉంటుంది, ఎడమ కన్ను మూసి ఉంటుంది. ఎడమవైపు నుంచి వచ్చే గుర్రం కనబడదు. జూరకన్‌కి మాత్రం ఆ గుర్రం రోజూ కనబడేది. పొయ్యి రాజేస్తుంటే, పిండి పిసుకుతుంటే, పక్కింటావిడ వియ్యపురాలి గురించి చెబుతుంటే కూడా.

"దిబ్బ మీంచి చేత్తో పట్టుకుని తియ్యకూడదా ఏం?" అని కూతుర్ని అడిగింది.

"అంత లెన్సు చేత్తో పడితే బొమ్మ వణికిపోతుంది అపా. చూసేవాళ్లు భూకంపం అనుకుంటారు." (అపా అంటే అమ్మ.)

"అనుకోనీవే. ఆ భూకంపంలో ఎవరూ చావరుగా. కనీసం నువ్వు దిబ్బ మీద ఉంటావు."

అయితే స్టూడియోలో ఏ పరికరమైనా పరిశీలక సంఘం యోగ్యత తేల్చాకే వాడాలి. సంఘానికి అధ్యక్షుడు తురుస్బెక్, సభ్యురాలు లెక్కలు చూసే బూరుల్. ఇద్దరూ నిజాయితీపరులు. చిక్కు అక్కడే వచ్చింది.

అక్కడి ఆచారం ప్రకారం, కొత్త కోడలైనా, పసిబిడ్డైనా, కొత్త కారైనా, మొదటిసారి చూసినవాళ్లు చూపు కానుక ఇచ్చుకోవాలి. ఇవ్వకుండా చూస్తే పిసినారి అంటారు. తర్వాత ఆ వస్తువుకి ఏమైనా అయితే నీ కళ్లే అంటారు. మరోవైపు, పరిశీలనలో ఉన్న వస్తువు విషయంలో సంఘ సభ్యులు ఎటువంటి కానుకలూ ఇవ్వరాదు, పుచ్చుకోరాదు అని రాజధాని నుంచి వచ్చిన ఉత్తర్వు గోడ మీద ఉంది. ఇచ్చి చూస్తే నేరం, ఇవ్వక చూస్తే దోషం. తురుస్బెక్ బాగా ఆలోచించి, చూడకుండా పరిశీలించాలని తీర్మానించాడు. (ఇంతకుముందు కూడా చాలా పరిశీలనలు అలాగే జరిగాయిగానీ, తీర్మానించి చెయ్యడం ఇదే మొదలు.)

మీరిమ్ సంచి జిప్పు చెయ్యి పట్టేంత మేర లాగింది. అధ్యక్షుడు మొహం కిటికీ వైపు తిప్పుకుని చెయ్యి లోపలికి దూర్చాడు.

"ఒక కాలు... ఇదిగో రెండోది... మూడోది ఉందా?"

"ముక్కాలిది కదా తురుస్బెక్ బైకె, ఉంటుంది," అంది మీరిమ్. (బైకె అంటే అన్నగారు.)

"నీ మాట సాక్ష్యం కాదమ్మా." చాలాసేపు తడిమి దొరకబుచ్చుకున్నాడు. "ఉంది. రాసుకో బూరుల్."

బూరుల్ కళ్లు మూసుకునే రాసుకుంది. కాళ్లు గట్టివి. బిగింపులు చప్పుడును బట్టి సంతృప్తికరం. మట్టం చూపే బుడగ చేతికి తగలలేదు, ఉన్నట్టు భావించడమైనది. చివరిగా కెమెరాని మోసే తల మెత్తగా తిరుగుతుందా లేదా అన్న అంశం వచ్చింది. తల సంచిలో ఇరుక్కుని ఉంది. తిరగలేదు. కాబట్టి తిరగదని రాశారు. తల తిరగని స్టాండు ఆటకు పనికిరాదు, మళ్లీ పరిశీలన పండగ తర్వాత.

మర్నాడు పొద్దున్నే జూరకన్ ఒక తెల్ల శాలువా, పిడికెడు మిఠాయిలు పట్టుకుని స్టూడియోకి వెళ్లింది. దారిలో కుక్క మొరిగితే అపశకునం అనుకుంది. మొరగని కుక్కని చూసి ఇంకా భయపడింది.

"ఆగండి ఎజె!" అన్నాడు తురుస్బెక్, ఆమె చెయ్యి సంచి మీదికి పోగానే. (ఎజె అంటే అక్కగారు. గౌరవంగా అడ్డుపడేటప్పుడు ఆ పిలుపు తప్పదు.)

"నేనేమన్నా మీ సంఘమా నాయనా? నాకే ఉత్తర్వూ లేదు. నేను చూస్తా, కానుక నేనిస్తా. దోషం ఉంటే నాకే తగలనీ. ఇప్పటికే తగిలినవి చాలా ఉన్నాయి."

జిప్పు బర్రున లాగి, స్టాండు బయటికి తీసి, దాని మెడకి శాలువా చుట్టి, మిఠాయిలు చల్లింది. సంఘం గోడవైపు తిరిగి నిలబడింది.

బూరులే మొదట తేరుకుంది. "కానుక అందాక అది కొత్తదెలా అవుతుంది? పాతదాన్ని ఊరికే చూడొచ్చు."

ఇద్దరూ ఇటు తిరిగారు. అప్పుడు పరిశీలన నిజంగా జరిగింది. తురుస్బెక్ ఒక్క వేలితో తల తిప్పి, "మీగడలో గరిటె తిప్పినట్టుందే!" అన్నాడు. ఒక కాలి కింద ఇటుక పెట్టి ఆ కాలు కాస్త కుదించారు, బుడగ మళ్లీ నడిమధ్యకి వచ్చి కూర్చుంది. కెమెరా పెట్టారు, మోసింది. కెమెరా తీసి టీ కాచే సమోవార్‌ని నీళ్లతో సహా పెట్టారు. దాన్నీ మోసింది.

"మధ్య రకమని ఎవరన్నారు? ఇది మేలు రకం!" అని బూరుల్ కాగితం మీద పాత మాట కొట్టేసి కొత్తది రాసింది.

జూరకన్ మనసు కుదుటపడింది. అంటే, మంచి జరిగినప్పుడల్లా ఆమెకు పట్టుకునే దడ మొదలైంది.

దడ వృథా పోలేదు. మధ్య రకం పరికరాలు బయటి పనులకు, మేలు రకం పరికరాలు లోపలి పనులకు అన్నది స్టూడియో నియమం. పండగకి రాజధాని నుంచి అతిథులు వస్తారు. స్టాండుని శాలువాతో సహా హాల్లో తలుపుకి ఎదురుగా, పెద్దలను కూర్చోబెట్టే చోట నిలబెట్టారు. మీరిమ్ కెమెరా భుజాన వేసుకుని గీత దగ్గరికి వెళ్లింది.

గుర్రం ఎడమవైపు నుంచే వచ్చింది. మీరిమ్ పడుతూ పడుతూ కెమెరాని పొట్టకి అదుముకుంది. కెమెరా దక్కింది. చెయ్యి రెండుచోట్ల విరిగింది.

తురుస్బెక్ పరామర్శకు వచ్చాడు. రొట్టె విరిచాడు, టీ తాగాడు, మీరిమ్ సిమెంటు కట్టుని చాలాసేపు జాలిగా చూశాడు.

"ఒకందుకు అదృష్టమే ఎజె. స్టాండు అక్కడ లేదు. ఉండుంటే మూడు కాళ్లూ పోయేవి."

"అది ఉండుంటే నా బిడ్డ దిబ్బ మీద ఉండేది," అంది జూరకన్. ఆయన నొచ్చుకుంటాడేమోనని గొంతు తగ్గించి అడిగింది. "పోనీ, వచ్చే ఆటకైనా ఇస్తారా నాయనా?"

తురుస్బెక్ టీ గిన్నె కింద పెట్టాడు. నిజంగానే నొచ్చుకున్నాడు.

"అక్కడ ఎంత ప్రమాదమో కళ్లారా చూసి కూడా ఇలా అడుగుతారేంటి ఎజె? అలాంటి చోటికి దాన్నెలా పంపిస్తాం? మీరిమ్ వెళ్తుందిగా."