ప్రొఫెసర్ల శిక్షణలో నా మోకాలు, నా మెడ

మెడికల్ కాలేజీ ప్రొఫెసర్లకు పాఠం చెప్పడం ఎలాగో నేర్పే వర్క్‌షాపులే లేకపోతే ఈ దేశం ఏమైపోయేదో! డాక్టర్లకు మళ్లీ బడేమిటని మీరు నవ్వుతారు. నేనొప్పుకోను. మా ఆయన పోయాక, మనవలున్న వయసులో అక్షరాలు దిద్దినదాన్ని. నాలాంటి మొద్దుకు ఎలా చెప్పాలో తెలియక మా పంతులమ్మ పడ్డ అవస్థ కళ్లారా చూశాను. పంతుళ్లకూ పంతుళ్లుండాలి.

పైగా ఆ యజ్ఞంలో నాకూ ఒక వేషం దొరికింది.

నేను యూసుఫ్‌గూడలో ఉండే జూనియర్ ఆర్టిస్టుని. సినిమాల్లో శవం చుట్టూ ఏడ్చే గుంపులో ఒక పక్కగా కనిపించే వీపు నాదే. మమ్మల్ని షూటింగులకు పంపే ఏజెంటు జంగయ్య ఒకరోజు కబురు తెచ్చాడు.

“అక్కా, జూబ్లీహిల్స్‌ల డాక్టర్ల కాలేజీకి ఉత్తుత్తి పేషెంటు కావాల్నట. మోకాలు నొప్పని చెప్పాలె, గంతే.”

“క్లోజప్ ఉంటదా?”

“ఒక్కదానివే ఉంటవ్. ఇంకేం గావాలె నీకు?”

ఇంకొకటి కావాలి. కొంతకాలంగా నా మెడ ముందు గడ్డ పెరుగుతోంది. పెద్దాసుపత్రికి ఎన్నిసార్లు వెళ్లినా నా వంతు వచ్చేసరికి ఓపీ మూసేస్తున్నారు. ఇక్కడేమో గదినిండా ప్రొఫెసర్లు! ఒక్కరైనా చూడకపోతారా? గడ్డ బాగా కనపడాలని మెళ్లో దండ కూడా తీసేసి వెళ్లాను.

హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ పిల్లలకు మాటతీరు నేర్పే లీలాకుమారి అక్కడ ట్రైనర్. రోగిని కూర్చోబెట్టాలి, కళ్లలోకి చూడాలి, మాట పూర్తయ్యేదాకా వినాలి, ఇదంతా విద్యార్థులకు చేసి చూపాలి అని చెప్పింది. ప్రొఫెసర్లు బుద్ధిగా రాసుకున్నారు. తర్వాత పెద్ద ప్రొఫెసర్ అచ్యుతరామయ్య గారు నా ఎదుట కూర్చుని, నా కళ్లలోకి చూశారు.

“చెప్పండమ్మా, ఏంటి మీ బాధ?”

నన్ను ఎవరైనా అలా అడిగి ఎన్నాళ్లయిందో. డైలాగు మరిచిపోయాను.

“సార్, గొంతుకాడ గడ్డ లేసింది. ముద్ద దిగుతలేదు.”

ఆయన కంగారుగా లీలాకుమారి వైపు తిరిగారు. “ఏంటండీ, మోకాలన్నారు కదా?”

“మోకాలే సార్. ఆవిడ మరిచిపోయినట్టున్నారు. మీ ఐ కాంటాక్ట్ మాత్రం అద్భుతం.”

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ల సర్వీసులో నా వల్ల టేక్ పాడవడం అదే మొదలు! “తప్పయింది సార్, వన్ మోర్” అని, ఈసారి మోకాలు పట్టుకుని సినిమా తల్లులెవరూ మూలగనంతగా మూలిగాను. ఆయన ఓపికగా విన్నారు. వంగి మోకాలు నొక్కి చూశారు. గుండ్రాయిలాంటి మోకాలు. దాని అదృష్టానికి నాకే కన్ను కుట్టింది.

బయటికొస్తుంటే లీలాకుమారి ఆపి, నా మెడ వైపు తేరిపార చూసింది. గడ్డ ఇంకా బాగా కనపడేలా గడ్డం పైకెత్తాను.

“ఇది నిజమైనదేనా అమ్మా?”

“నిజమే మేడమ్.”

“బాగుంది. వచ్చే నెల థైరాయిడ్ మీద వర్క్‌షాపు. మీరే రండి, మేకప్ పని కూడా ఉండదు.”

చూశారా, వర్క్‌షాపుల మహిమ? చివరికి నా గడ్డను ఒకరు గుర్తించారు. అందుకే ఈ నెలంతా దాన్ని ఏ డాక్టరుకూ చూపించదలుచుకోలేదు. మందులకు కరిగిపోతే వేషం పోతుంది. ఆ రోజు ప్రొఫెసర్లంతా వరసగా నా మెడ పట్టుకుని చూస్తారట, నా బాధ మొత్తం వింటారట. తర్వాత మందెవరిస్తారని మాత్రం నేనడగలేదు. డైలాగు లేనిచోట నోరు విప్పే ఆర్టిస్టుని మళ్లీ ఎవరు పిలుస్తారు?